టేబుల్ మీద ఫోన్

మా చెల్లి యూనిస్ గ్వాటిమాలా సిటీ చూడడానికి వెళ్తానన్నప్పటి నుంచి దాని చెవిలో జోరీగలా జాగ్రత్తలు చెప్పాను. మెడలో గొలుసు తీసెయ్యి. రోడ్డు మీద టాక్సీ ఆపకు. చీకటి పడ్డాక గది దాటకు. ఎవడైనా లాక్కుంటే ఇచ్చెయ్యి, వెంటపడకు. నేను నర్సుని, దెబ్బలు తగిలినవాళ్లని రోజూ చూస్తాను కాబట్టి నా నోరు ఆగదు.

"అమ్మకంటే నువ్వే ఎక్కువైపోయావక్కా," అని నవ్వి దుబాయ్‌లో విమానం ఎక్కింది.

ఇవాళ సాయంత్రం డ్యూటీ దిగి, దుబాయ్‌లోనే కరామాలో ఎప్పుడూ వెళ్లే హోటల్లో టీ చెప్పి కూర్చున్నాను. యూనిస్ వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున్న. ఒక్కతే కాఫీ కొట్లో ఉంది.

"ఇక్కడ జనం ఎక్కువక్కా. టేబుల్ పోతాది. ఉండు, కాఫీ తెచ్చేసుకుంటాను," అని ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి లేచింది.

దుబాయ్‌లో మేమందరం చేసే పనే అది. టేబుల్ మనదని తెలియడానికి ఫోనో సంచో పెట్టి వెళ్తాం, ఎవరూ ముట్టరు. అన్ని జాగ్రత్తలు చెప్పిన నాకు ఇది మాత్రం తట్టలేదు.

"ఒసేయ్ యూనిసూ! ఫోన్ తీస్కెళ్లవే!" హోటల్ గోల తప్పించుకోవడానికి అరుస్తూ బయటికి పరుగెత్తాను. దానికి వినబడలేదు. ఖాళీ కుర్చీ కనిపించింది. తర్వాత ఎవడిదో అరచెయ్యి. ఆ తర్వాత ఆకాశం, గోడలు, పరుగెత్తే బూట్లు. వెనక నుంచి మా చెల్లి గొంతు, తెలుగులోనే, "ఆగరా! ఆగు!"

వెంటపడింది, పిచ్చిమొహంది.

"వద్దే! పోతే పోనీ! ఎనక్కెళ్లిపో!" అని గొంతు చించుకున్నాను. నా అరుపులన్నీ ఆ దొంగ చేతిలోనే మోగుతున్నాయి. వాడు ఓసారి ఫోన్ ఎత్తి నన్ను చూశాడు. "భయ్యా, ప్లీజ్, దాన్నేం చెయ్యకు," అని నోటికొచ్చిన భాషలన్నిట్లో బతిమాలాను. దూరంగా యూనిస్ కేక ఒకటి మధ్యలో ఆగిపోయింది. కాల్ కట్టయింది.

మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. అది దిగిన హోటల్‌కి చేశాను. పొద్దున్నే బయటికెళ్లింది, ఇంకా రాలేదన్నారు. ఆ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

కాళ్లీడ్చుకుంటూ లోపలికొచ్చాను. టీ చల్లారిపోయింది. పక్కన నా హ్యాండ్‌బ్యాగు వదిలినచోటే ఉంది.

"ఎవురూ తాకలేదు మేడం," అన్నాడు సర్వర్ జానీ బాషా. "ఈడ ఎవురు తీస్తారు?"

ఆ బ్యాగుని ఒళ్లోకి లాక్కుని, అందరి ముందూ భోరుమని ఏడ్చాను.