పోలేశ్వరరావు షెడ్డులో మూడో గాస్కెట్

నేను ఒక హెడ్ గాస్కెట్‌ని. పుట్టుపూర్వోత్తరాలు తర్వాత. ముందు ఈ మంట సంగతి చూడండి.

పైన ఇంజన్ హెడ్డు, కింద బ్లాకు, మధ్యలో నలుగుతూ పడుకున్న స్టీలు రేకుని నేను. సిలిండర్లో పేలే మంట సిలిండర్లోనే ఉండాలి. పక్కన పారే నీళ్లు నీళ్ల దారిలోనే పోవాలి. ఆ రెండింటికీ మధ్య కాపలా నాది. ఇప్పుడా కాపలా తప్పుతోంది. మూడో సిలిండర్ పక్కన, నా వీపు కింద, మంటకి సన్నని సందు దొరికింది. కారు నడిపే కౌముది యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ టర్బో ఇంజన్లోకి ఇంకా గాలిని కుక్కుతోంది, ఆ సందు పెద్దదవుతోంది. నేను బిగపట్టాను. లాభం లేదు.

"మేడమ్, ఆపండి! హీటు ముల్లు చూడండి, ఎర్రగీత దాటేసింది!" పక్క సీట్లోంచి యాకూబ్ అరిచాడు.

ఆమె బ్రేకు తొక్కేసరికే బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుస్సుమంది. ట్రాకు పక్కన కారు ఆగిపోయింది. రేపే పోటీ. ఇది ఒట్టి ట్రయలే.

"ఏమైంది యాకూబ్ గారూ?"

"పోయింది మేడమ్. గాస్కెట్ పోయింది." మెకానిక్ యాకూబ్ బానెట్ ఎత్తి చూడ్డానికి కూడా దిగలేదు. కారణముంది. నా మీద అతను ఒట్టు పెట్టుకున్నాడు.

కారుని టెంపోకి కట్టి విజయవాడ ఆటోనగర్‌కి లాక్కెళ్తున్నారు. దారిలో ఆ ఒట్టు సంగతి చెప్తాను.

పెద్ద ప్రెస్సు కింద, ఒక్క దెబ్బకి, నాలుగు సిలిండర్లకి నాలుగు కళ్లతో పుట్టాను నేను. పొర మీద పొర స్టీలు, ఒంటికి పల్చటి రబ్బరు పూత. సిలిండర్ల చుట్టూ కాస్త ఉబ్బెత్తు అంచు. నా బలమంతా ఆ అంచులోనే ఉంది. ప్యాకెట్లో పడుకుని, డబ్బా మారి, దుకాణం మారి, చివరికి పోలేశ్వరరావు షెడ్డులో బల్ల మీద పడ్డాను. అప్పటికే అక్కడ రెండు గాస్కెట్లు చచ్చిపోయి ఉన్నాయి. రెండూ కౌముది కారువే. ఇంజన్ పాతదే, టర్బో మాత్రం కొత్తగా తగిలించారు. ముసలి గుర్రానికి కొత్త కొరడా అన్నమాట.

బల్ల చుట్టూ పంచాయితీ జరిగింది.

"మామూలు ఫైబర్‌దే వేద్దాంరా, చేతికి అలవాటు," అన్నాడు షెడ్డు యజమాని పోలేశ్వరరావు.

"పోయిన రెండూ అవేగా అన్నా! టర్బో ముందు అది అప్పడం," అన్నాడు యాకూబ్.

"మరి రాగిది?" అంది కౌముది. "వీడియోల్లో అందరూ రాగిదే అంటున్నారు."

"వాళ్లు రేసు రోజున బండిని ట్రక్కులో తెస్తారు మేడమ్. మీరు ఇదే బండిలో ఆఫీసుకెళ్తారు. రాగిదైతే రోజూ నీళ్లు చెమరుస్తుంది. హెడ్డు విప్పడం, బిగించడం, అదే సంసారం."

అప్పుడు నన్ను పైకెత్తాడు యాకూబ్. నా కంటిని కొత్తగా తొలిపించిన సిలిండర్ మీద పెట్టి చూశాడు. కన్ను సిలిండర్ కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. చిన్నదైతే అంచు మంటలోకి తొంగిచూసి కాలి చస్తుంది. మందం కొలిచాడు. మరీ పల్చనైతే లోపల ఒత్తిడి పెరిగి ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. నేను సరిగ్గా సరిపోయాను.

"ఇదే. కానీ దీనికి మడి ఎక్కువ," అన్నాడు. "హెడ్డూ బ్లాకూ అద్దంలా ఉండాలి. మధ్యలో ఇసకరేణువు ఉన్నా ఒప్పుకోదు. నేను తప్ప ఎవరూ ముట్టుకోకండి."

"పోతేనో?" అన్నాడు పోలేశ్వరరావు.

"పోతే ఈ షెడ్డులో మళ్లీ పానా పట్టను అన్నా. అల్లా మీదొట్టు."

మనుషులు విచిత్రమైనవాళ్లు. ఇనుముకి పరీక్ష పెట్టి ఫలితానికి తమ అన్నాన్ని తాకట్టు పెడతారు.

ఆటోనగర్ వచ్చేసింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. యాకూబ్ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. బోల్టులు విప్పి హెడ్డు ఎత్తాడు, నన్ను వెల్లకిలా తిప్పాడు.

మూడో కంటి పక్కన, సరిగ్గా ఉబ్బెత్తు అంచు మీద, గుండ్రటి ఎర్రమరక. ఎండి గట్టిపడి, గరుకుగా ఉంది.

పోలేశ్వరరావు తల వంచి చూశాడు. "తుప్పు! తుప్పు తుడవకుండా బిగించావురా! అద్దమన్నావు, మడన్నావు, ఇదా నీ మడి?"

యాకూబ్ నోరు తెరిచాడు. ఆ మరకని చూశాడు. దాని గుండ్రదనాన్ని చూశాడు. గోడ మీద అమ్మవారి పటాన్ని చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఎందుకు మూసుకున్నాడో నాకు తెలుసు. నన్ను బిగించింది శుక్రవారం. యాకూబ్ నన్ను బ్లాకు మీద పరిచి నమాజుకి వెళ్లాడు. అదే వేళకి షెడ్డులో పూజ. పానాలకు, స్టీరింగుకు, చివరికి తూకం కాటాకు కూడా పసుపు బొట్లు పెట్టే పోలేశ్వరరావు, రెండు గాస్కెట్లు మింగిన ఇంజన్‌ని వదిలేస్తాడా? పైన పెడితే యాకూబ్ తుడిచేస్తాడని నన్ను తిరగేశాడు. తడిపసుపు అద్దిన బొటనవేలు నా అంచు మీద చల్లగా నొక్కాడు. మళ్లీ బోర్లించి, ఏమీ ఎరగనట్టు బీడీ వెలిగించుకున్నాడు. నమాజు నుంచి వచ్చిన యాకూబ్ నన్ను బ్లాకు మీద చూసి, తను పరిచినట్టే ఉన్నాననుకుని హెడ్డు దించాడు.

ఇప్పుడు ఆ పసుపు తప్పు అని యాకూబ్ అనాలి. అమ్మవారి పటం కింద నిలబడి అనాలి. అతను అనలేదు. పానా బల్ల మీద పెట్టాడు.

"ఒట్టు ఒట్టే అన్నా. వెళ్తున్నా."

"యాకూబ్ గారూ, ఆగండి!" కౌముది అడ్డం వచ్చింది. "తుప్పు ఇంత గుండ్రంగా ఉంటుందా? రేపు పోటీ పోతే పోనీయండి. ఇదేంటో తేలాలి."

"తేలేదేముందమ్మాయ్," అని పోలేశ్వరరావు విసురుగా ఆ మరకని గోటితో గీకాడు.

పైన ఎరుపు పెచ్చు లేచింది. అడుగున పసుపుపచ్చగా మెరిసింది. సున్నం తగిలిన పసుపు ఎర్రబడడం పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు. ఇంజన్ చల్లబడడానికి రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంటు మందుకీ ఆ సున్నం గుణమే ఉంది.

పోలేశ్వరరావు వేలు ఆగిపోయింది. నెమ్మదిగా బొటనవేలిని ఆ మరక మీద ఆనించాడు. అచ్చు దిగినట్టు సరిపోయింది.

గుమ్మం దాటబోతున్న యాకూబ్ వెనక్కి తిరగలేదు. ఒక్క మాట. ఎవరైనా ఆ ఒక్క మాట పైకి అనాలి. నాకు నోరు లేదు. నోరున్నవాళ్లు ముగ్గురున్నారు.

"ఒరే యాకూబూ," అన్నాడు పోలేశ్వరరావు. "పానా తీసుకోరా. తుప్పూ కాదు, నువ్వూ కాదు. నువ్వు నమాజుకెళ్లినప్పుడు దొంగచాటుగా దీనికి పసుపు బొట్టు పెట్టింది నేనే."