కొట్టమన్న తల్లులు

గుంటూరు ఏప్రిల్ ఎండలో ఆడపిల్లలకి వానకోట్లు తొడిగి పరిగెత్తిస్తున్నాడు కబడ్డీ కోచ్ జయరావు. జిల్లా పోటీలకి బరువు తగ్గాలట. పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. కూతురు షాహిస్తాకి అన్నం కేరేజీ తెచ్చిన మౌలాబీ కంచె ఇవతలే నిలబడిపోయింది. ఆమె చూస్తుండగానే షాహిస్తా కాళ్లు తడబడి బోర్లా పడింది. "లేవ్వే మొద్దూ!" అంటూ జయరావు స్కిప్పింగ్ తాడుతో ఆ పిల్ల పిక్కల మీద ఛెళ్లుమనిపించాడు.

మౌలాబీ కంచె దాటబోయి ఆగింది. పోయి ఏమని అడుగుతుంది? అకాడమీలో చేర్చిన రోజు ఆవిడే దణ్ణం పెట్టి మరీ చెప్పింది: "చర్మం ఒలిచినా సరే, కళ్లు మాత్రం మాకు వదలండి సార్." మన వైపు పిల్లల్ని పంతులుకి అప్పజెప్పేటప్పుడు అందరూ అనే మాటే. ఆ మాటే ఇప్పుడు కాళ్లకి అడ్డం పడింది.

సాయంత్రం ఇంట్లో వాతలకి కొబ్బరినూనె రాయబోతే షాహిస్తా కాళ్లు లాక్కుంది. "ఎవరికీ చెప్పమాకమ్మా. టీములోంచి పీకేస్తారు. అఖిల వాళ్లమ్మ అడిగితే ఏమైందో చూడలా?"

ఏమైందో చెబుతాను, వినండి. అఖిల తల్లి సుబ్బరావమ్మ కోచ్ మీద జిల్లా కబడ్డీ సంఘానికి ఫిర్యాదు చేసింది. సంఘం పెద్దలు విచారణ ఎవరికి అప్పగించారు? అకాడమీ అధ్యక్షుడు వెంకటనారాయణకి. ఆయనెవరు? ఈ తల్లులంతా మిరపకాయలకి తొడిమలు తీసే కోల్డ్ స్టోరేజీ ఓనరు! ఆయన ఆ ఫిర్యాదుని జయరావు చేతికే ఇచ్చాడు. వారం తిరక్కుండా అఖిలని జట్టులోంచి గెంటేశారు. కూలోళ్ల పిల్లల ఒంటికి కూడా వీళ్లే యజమానులా?

మర్నాడు మిరపకాయల కుప్ప దగ్గర మౌలాబీ ఇక ఉండబట్టలేకపోయింది. "నేనే కొట్టమన్నానే సుబ్బరావమ్మా! ఏ మొహం పెట్టుకుని అడగను?" అని భోరుమంది.

సుబ్బరావమ్మ చేతిలో కాయ విసిరికొట్టింది. "నువ్వొక్కదానివేనా? నేనన్లా?"

"నేనూ అన్నా." "నేనూ." కుప్ప చుట్టూ ఒక్కొక్కతే ఒప్పుకుంది. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లు తప్పు తమదేననుకుని నోరు కుట్టుకున్నారు.

"అయితే అందరం పోయి ఆ మాట వెనక్కి తీసుకుందాం పదండే," అని సుబ్బరావమ్మ లేచింది.

"పని పోద్దేమోనే!" అంది ఒకామె.

"పోతే పోనియ్. పిల్ల పోతే ఎక్కణ్ణించి తెస్తావ్?"

మిరప ఘాటు వదలని చేతులతోనే గ్రౌండులోకి తోసుకుపోయారు. సంగతి తెలిసి వెంకటనారాయణ కారేసుకుని వచ్చాడు. "కొట్టమన్నది మీరే కదమ్మా?" అని నవ్వాడు.

"అన్నామండీ. బుద్ధి తక్కువై అన్నాం." మౌలాబీ ఒక అడుగు ముందుకేసింది. "ఇప్పుడు వద్దంటన్నాం. మా పిల్లల మీద చెయ్యి పడకూడదు. ఈ కోచ్ ఈ గ్రౌండులో ఉండకూడదు."

"రేపట్నించి మీకెవరికీ పని లేదు, పొండి!"

ఎవరూ పోలేదు. ఆయన ఫోను చేశాడు. పోలీసు జీపు రావడానికి ఎంతసేపు! పిల్ల కాళ్ల మీద వాతలు చూడమంటే ఎస్సై తల తిప్పుకున్నాడు. గొడవ లేవదీసింది నువ్వేనంటూ మౌలాబీని ఆడ కానిస్టేబుల్‌తో జీపెక్కించాడు.

జయరావు విజిల్ ఊదాడు. "ఏంటే చూస్తారు? పరుగెత్తండి!"

షాహిస్తా జీపు వంక చూసింది. కోర్టు మధ్య గీత మీద చతికిలబడింది. పక్కన ఇంకో పిల్ల కూచుంది. ఆనక జట్టంతా కూచుంది. విజిల్ మీద విజిల్ ఊదాడు. ఒక్కతీ కదల్లేదు. తల్లులు చేతులు పట్టుకుని వాళ్ల చుట్టూ నిలబడ్డారు.

జీపు కదిలింది. వెనక నుంచి మౌలాబీ గొంతు చించుకుని అరిచింది. "లేవమాకండే! వాడు పోయేదాకా లేవమాకండి!"