పంజరం గడియ

అరబ్బుల ఇంట్లో పనిచేసే సత్యదుర్గకి ఆ శుక్రవారం సెలవు. తలంటుకుని, నెమలికంఠం రంగు చీర కట్టి, మనామాలో గుడికి బయల్దేరుతూ పిట్టకి నీళ్ళు పోసింది. సరిగ్గా అప్పుడే అమలాపురం నుంచి కూతురి ఫోను. మాటల్లో పడి పంజరం గడియ మర్చిపోయింది. అంతే! మనవైపు పికిలిపిట్ట అంటామే, అలాంటిదే ఆ తెల్లబుగ్గల పిట్ట, గోడ దాటి గలాలీ పార్కులోకి ఎగిరిపోయింది.

ఆ పిట్ట పెద్దావిడకి ప్రాణం. పెద్దావిడంటే కఫీల్, అదే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అతని తల్లి; అందరూ మామా అంటారు. ఎనిమిదింటికి లేస్తూనే దాన్నే చూస్తుంది. వచ్చే బుధవారం, రెండేళ్ళకి, సత్యదుర్గ ఇంటికెళ్ళాలి. పిట్ట పోయిందంటే ఇక ఆ సెలవు దక్కుతుందో లేదో.

పక్కింట్లో పనిచేసే నరసాయమ్మ సంగతి విని చేతిలో పని వదిలేసి వెంటవచ్చింది.

పార్కులో వేపచెట్లు పూతమీదున్నాయి. కొమ్మకొమ్మకీ తెల్లబుగ్గల పిట్టలే, అన్నీ ఒకే అచ్చు. మెడలు పట్టేసేలా వెతికారు. ఏడుంపావయింది. అరచేతిలో ఖర్జూరం ముక్క పెట్టుకుని సత్యదుర్గ పిలవగా పిలవగా ఒక్కటి కిందికొమ్మకి దిగింది. గొంతు గుర్తుపట్టిందన్నమాట. ఇంకాస్త దగ్గరకొచ్చి, పమిట రెపరెపలాడేసరికి తుర్రుమంది. రెండోసారీ అంతే.

"నిన్ను చూసి కాదే, నీ చీరని చూసి జడుసుకుంటోంది. రోజూ నీలం కోటులో తిరిగేదానివి, ఇలా పెళ్ళికూతురిలా వస్తే ఎలా పోల్చుకుంటుందే?" అంది నరసాయమ్మ.

తన ఒంటిమీదున్న అలాంటి నీలం డ్యూటీ కోటూ తలగుడ్డా విప్పిచ్చింది. సత్యదుర్గ చీరమీదే అవి వేసుకుని, ఊపిరి బిగబట్టి చెయ్యి చాపింది. పిట్ట వచ్చి వేలిమీద వాలింది.

ఆ వెంటనే పైకొమ్మలో ఇంకోటి కూసింది. వేలిమీది పిట్ట తల అటు తిప్పింది, రెక్క సగం విప్పింది. జతకట్టే కాలం మరి. సత్యదుర్గకి మనసొప్పలేదు. కానీ పొద్దున్న ఫోనులో కూతురు లెక్కబెట్టిన రోజులు చెవిలోనే ఉన్నాయి. గుప్పిట మూసేసింది.

ఇంటికొచ్చేసరికి మామా అప్పటికే లేచి ఖాళీ పంజరం ముందు కూర్చుంది. సత్యదుర్గ పిట్టని లోపల పెట్టి, వచ్చిన అరబ్బీలో తప్పు తనదేనని చెప్పి తలొంచుకుంది. మామా వేలు చాపితే పిట్ట వెనక్కి జరిగింది, సత్యదుర్గ చెయ్యి పెడితే ఎక్కింది.

"బుధవారం వెళ్ళు. ఈలోగా నా చేత్తో తినడం దీనికి అలవాటు చెయ్యి," అంది మామా.

గుడి మాట మరిచి సత్యదుర్గ ఆవిడ పక్కన చతికిలబడింది. పార్కువైపు నుంచి ఆ రెండో పిట్ట ఇంకా కూస్తూనే ఉంది.