పదకొండో సైజు బూట్లు

డిసెంబరు వచ్చిందంటే ఆ బడి కారిడార్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక తాడు కడతారు. పిల్లలూ టీచర్లూ ఇంట్లో ఎవరికీ పట్టని కోట్లు, చేతి తొడుగులు, ఊలు మేజోళ్ళు, బూట్లు తెచ్చి దానికి తగిలిస్తారు. సెలవులిచ్చే రోజు మధ్యాహ్నం, బడి ఊడ్చి, గదులు వెచ్చబెట్టే బాయిలరు చూసుకునే అంబ్రోస్ అక్కడ దీపాలార్పేస్తాడు. తరగతుల తలుపులన్నీ మూసేస్తారు. వీధి తలుపు ఒక్కటే తీసి ఉంటుంది. అవసరమైనవాళ్ళు ఆ చీకట్లో వచ్చి కావలసింది పట్టుకుపోతారు. ఎవరొచ్చారో చూడకూడదు, ఏం తీసుకున్నారో అడగకూడదు. తలుపు సందులోంచి తొంగి చూసిన పిల్లవాడు ఇంతవరకూ లేడంటే నేను నమ్మను గానీ, చూసి బయటికి చెప్పినవాడు మాత్రం లేడు.

మూడో తరగతి టీచరు ఊనా ఆ కాసేపూ పిల్లల చేత క్రిస్మస్ పాటలు పాడిస్తోంది. మనసు పాటలో లేదు. తెల్లారితే ఊరికి బస్సెక్కాలి. రేడియోలో తుఫాను వస్తుందంటున్నారు, రాదంటున్నారు, మళ్ళీ వస్తుందంటున్నారు. కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. అలా తిరుగుతూ తలుపు కిందికి చూసేసరికి అవతల రెండు కాళ్ళు కనపడ్డాయి. తడిసి ముద్దయిన గుడ్డ బూట్లు. నీళ్ళు దిగకుండా లోపల వేసుకున్న బ్రెడ్డు కవర్లు చీలమండల దగ్గర బయటికొచ్చి ఉన్నాయి. ఆ కాళ్ళు ఆ చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, అక్కడే ఆగిపోయాయి. తాడు అప్పటికే ఖాళీ అయిపోయిందన్న మాట.

ఊనా కాళ్ళకున్నవి ఎర్ర బూట్లు. లోపలంతా గొర్రె ఉన్ని. చలికాలం మొదట్లో కొనుక్కుంది, వాటి మీద మోజింకా తీరనేలేదు. వంగి తాళ్ళు విప్పింది. తలుపు జానెడు తీసి, కళ్ళు మూసుకుని, వాటిని బయట పెట్టేసింది. కళ్ళు తెరిచేసరికి బూట్లూ లేవు, కాళ్ళూ లేవు.

"టీచర్, మీ బూట్లు!" అన్నాడొకడు.

"నోర్మూసుకుని పాడు" అంది ఊనా.

సాయంత్రం ఆమెను మేజోళ్ళతో చూసి అంబ్రోస్ నెత్తి కొట్టుకున్నాడు. "ఈ మంచులో ఇలాగే వెళ్తావటమ్మా? బుద్ధుండక్కర్లా!" అంటూ బాయిలరు గదిలోంచి తన పాత రబ్బరు బూట్లు తెచ్చి పడేశాడు. చేపల వేటకెళ్ళేవాళ్ళు వేసుకునే నల్ల బూట్లు, మోకాళ్ళ దాకా వస్తాయి. పదకొండో సైజు.

"ఇందులో నాలాంటివాళ్ళు ఇద్దరు దూరొచ్చు బాబాయ్."

"పేపరు కుక్కు. సెలవులయ్యాక తిరిగి తెచ్చివ్వకపోతే మాత్రం నీ తరగతికి వెచ్చదనం ఆపేస్తాను, చూసుకో."

ఇక్కడ ఊనా పుట్టి పెరిగిన మా కటిల్స్ రేవు సంగతి చెప్పాలి. క్రిస్మస్‌కి ఇంటికొచ్చేవాళ్ళ కంటే ఒక రోజు ముందు వాళ్ళ అడుగులొస్తాయి మా దగ్గర. పొద్దున లేచి చూస్తే గేటు నుంచి మెట్ల దాకా మంచులో పడి ఉంటాయి. వాటిని చూసుకునే ఆడవాళ్ళు ఉప్పు చేప ఎంత నానబెట్టాలో, బల్ల మీద ఎన్ని పళ్ళేలు పెట్టాలో తేల్చుకుంటారు. మా పక్కింటి కుర్రాడి అడుగుల పక్కన ఒక ఏడాది ఎత్తుమడమల ఆడ బూట్ల అడుగులు కూడా వచ్చాయి, వాళ్ళమ్మకి కోడలి సంగతి అలాగే తెలిసింది. ఊనా పనిచేసే గాండర్ లాంటి పట్టణాల్లో ఇలా రావంటారు. ఎందుకు రావు? మంచు తోసే బండి తెల్లారకుండానే అంతా చదును చేసిపోతే వచ్చాయో రాలేదో ఎవడికి తెలుసు!

ఎనిమిదేళ్ళ కిందట ఊనా అన్న లియాండర్ బయల్దేరానని ఫోను చేశాడు. అతని అడుగులు రాలేదు. తల్లి మెల్వినా ఆ రాత్రంతా మెట్ల మీదే నిలబడింది. చుట్టూ తిరిగి రావడం దేనికని అతను గడ్డకట్టిన సముద్రం మీదుగా, మంచు మీద పరిగెత్తే మోటారు బండి నడుపుకొచ్చాడు. మంచు పలక విరిగింది. మనిషి దొరకలేదు, బండీ దొరకలేదు.

దొరకలేదు కాబట్టి మెల్వినా లెక్కలో అతనింకా దారిలోనే ఉన్నాడు. ఆవిడేం మంచాన పడ్డ మనిషి కాదు. చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుందంటే కుర్రవాళ్ళు ఆవిడతో సమానంగా కొయ్యలేరు. కానీ మంచు పడ్డం మొదలైందా, ఇక ఒక్క రాత్రి కూడా వేరే గుమ్మంలో పడుకోదు. పోయిన శీతాకాలం ఊనాకి కడుపు కోసి ఆపరేషన్ చేశారు. అప్పుడూ రాలేదు. "వాడి అడుగులొచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే ఎలాగే?" అంది. తల్లి ఒక్కసారి తన గుమ్మం తొక్కాలని, తను కాచిన టీ తాగాలని ఊనాకి ఎంత ఆశో! ప్రతి ఏడూ అడుగుతుంది. ఈసారీ అడగాలనుకుంటూ తెల్లవారుజామున బస్టాండులో నిలబడి ఉండగా ఫోను మోగింది.

"ఊనా, ఎక్కడున్నావే?" తల్లి గొంతు గుసగుసలా ఉంది.

"బస్టాండులో. ఏమైందమ్మా?"

"అడుగులొచ్చాయే."

"వచ్చాయా! నావి మంచులో బాగా దిగుతున్నాయా?"

"నీవి కాదే. మగవాడివి. రబ్బరు బూట్లు. జానతో కొలిచి చూశాను, సరిగ్గా పదకొండు, వాడి సైజే. కాళ్ళీడ్చుకుంటూ నడిచాడే! ఎన్నిసార్లు మొత్తుకున్నాను, కాళ్ళెత్తి నడవరా వెధవా అని..." ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నీ అన్నయ్య వస్తున్నాడే ఊనా."

ఊనా తన కాళ్ళకేసి చూసుకుంది. చివరికి, "మరి నావి?" అని మాత్రం అడగగలిగింది.

"నీవింకా రాలేదు. వస్తాయిలే. నువ్వొచ్చేటప్పుడు కిస్మిస్ పట్రా, మర్చిపోకు. నల్ల కేకంటే వాడికి ప్రాణం కదా." పెట్టేసింది.

బస్సు కదిలింది. అద్దాల అవతల తెల్లగా ఏదీ కనపడటం లేదు. ఊనా కూర్చోలేకపోయింది, లేవలేకపోయింది. పక్కనున్న ముసలాయన "బాత్రూము వెనకాల ఉందమ్మా" అని రెండుసార్లు చెప్పాడు. నావి రాలేదట. వస్తాయిలేట. కొడుకు అడుగులు రానప్పుడు రాత్రంతా మంచులో నిలబడిన మనిషి, కూతురి అడుగులు రాకపోతే కిస్మిస్ తెమ్మంటోంది. ఊనాకి కోపం వచ్చింది. ఆ వెంటనే తల్లి నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయింది! గేటు తీసుకుని వెళ్ళి దాన్ని ఆర్పేయబోయేది తనే. ఈ బస్సు ఎక్కడికీ చేరకపోతే బాగుండుననుకుంది. నిజంగానే అది ఎక్కడికీ చేరేలా లేదు. సగం దారిలో రోడ్డు మూసేశారని, రాత్రికి అందరూ హోటల్ హాల్లోనే పడుకోవాలని డ్రైవరు చెప్పాడు.

ఆ హోటలు పక్కనే ఒక కొట్టుంది. కిస్మిస్‌తో పాటు ఆడవాళ్ళ బూట్లు కూడా అమ్ముతున్నారు. గోధుమ రంగువి. ఊనా వేసుకుని చూసింది.

"అచ్చం నీ కాలికి కుట్టినట్టున్నాయి తల్లీ" అంది కొట్టావిడ.

నిజమే. వీటితో వెళ్తే గుమ్మంలో తన అడుగులే పడతాయి, ఆ పెద్ద అడుగులతో తనకేం సంబంధం లేదు. కానీ అప్పుడా పెద్ద అడుగులకి మనిషి ఎక్కడ? రేపు రాలేదు, ఎల్లుండి వస్తాడంటుంది అమ్మ. ఈ ఏడు రాలేదు, వచ్చే ఏడు వస్తాడంటుంది. ఇంకా ఎన్నేళ్ళయినా అలా నిలబడగలదావిడ. చెప్పేయడమే మంచిదని ఊనా అక్కడికక్కడే ఫోను తీసి నంబరు నొక్కింది. ఒక్క మోతకే ఎత్తారు.

"లియాండర్?" అంది తల్లి గొంతు.

ఊనా ఫోను పెట్టేసింది. గోధుమ రంగు బూట్లు విప్పి కొట్టావిడ చేతికిచ్చింది.

"అదేంటి, వద్దా?"

"వద్దండీ. ఇవే వేసుకెళ్ళాలి."

"ఇవా!" అంది ఆవిడ, నల్ల బూట్లని కిందా మీదా చూసి.

మర్నాడు మధ్యాహ్నానికి దారి తెరిచారు. కూడలి దగ్గర సెల్బీ తన వ్యానుతో కాచుకుని ఉన్నాడు. రేవు నుంచి కూడలికి మనుషుల్ని తిప్పేది అతనే.

"రావే ఊనా, రా! ఊరంతా మీ ఇంట్లోనే ఉంది. పాస్టరు గారు కూడా వచ్చారు. మీ అమ్మ పొయ్యి మీద నుంచి దించుతోంది, ఎక్కిస్తోంది, మళ్ళీ దించుతోంది. మీవాణ్ణి కూడా నేనే తీసుకెళ్దామని పొద్దున్నించీ ఇక్కడే..." ఊనా వ్యానులోకి కాలు పెట్టింది. సెల్బీ మాట ఆగిపోయింది. చాలా దూరం పోయాక అడిగాడు, "అవెవరి బూట్లే?"

"మా బడి అంబ్రోస్ బాబాయివి."

"రేడియో పెట్టనా?" అన్నాడు సెల్బీ.

"పెట్టు మావయ్యా."

పెట్టాడు. ఎవరో హుషారుగా పాడుతున్నారు. ఆపేశాడు.

ఇంటి ముందు లాంతరు వెలుగుతోంది. కొత్త మంచు కప్పేయకుండా మెల్వినా అడుగడుగు మీదా ఇంట్లో ఉన్న గిన్నెలూ బేసిన్లూ బోర్లించి, అప్పుడే ఒక్కొక్కటీ తీసి పక్కన పేర్చినట్టుంది. ఊనా అడుగుల మీద ఆవిడ ఏనాడూ ఒక మూతైనా పెట్టలేదు. ఊనా వాటికి పక్కగా నడుద్దామని చూసింది. బూట్లు వదులు, కాళ్ళు ఎత్తడం కుదరదు, ఈడ్చాల్సిందే. ఈడ్చిన ప్రతి కాలూ వెళ్ళి ఆ అడుగులోనే సరిగ్గా కూర్చుంది.

మెల్వినా గుమ్మంలో నిలబడి బూట్లనే చూసింది. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత మోకాళ్ళు, కోటు, చివరికి మొహం. ఆవిడ వెనకాల ఒకడు టోపీ పెట్టుకున్నాడు. ఇంకొకావిడ తను తెచ్చిన కేకు బల్ల మీద వదిలేసింది. పాస్టరు గారితో సహా అందరూ పెరటి తలుపు గుండా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సెల్బీ వ్యాను కూడా చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది.

తల్లి కూతుర్ని పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. కింద కూర్చుని బూటు పట్టుకుని లాగింది. కాలితో పాటు నలిగిన పేపరుండలు బయటపడ్డాయి.

"నీ ఎర్ర బూట్లేవే?"

"బడిలో ఇచ్చేశాను."

"ఎవరికి?"

"చూడకూడదు కదమ్మా."

మెల్వినా రెండో బూటు కూడా తీసింది. తడి మేజోళ్ళు లాగేసి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఎంతకీ తలెత్తలేదు.

"నిన్నటి నుంచీ నీ అడుగులు రాలేదు" అంది.

"ఊఁ."

"రాకపోతే దానర్థమేంటో ఈ రేవు మొత్తానికి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తెలిసీ నిన్ను కిస్మిస్ తెమ్మన్నాను." ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నాకు భయం వెయ్యలేదే ఊనా. ఒక్క క్షణమైనా వెయ్యలేదు. ఏం తల్లినే నేను!"

పర్లేదులే అమ్మా అని ఊనా అనబోయింది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "నాకు చాలా కష్టమనిపించిందమ్మా."

"అనిపించాలి" అంది మెల్వినా. ఆ పాదాల మీద మొహం ఆనించి ఏడ్చింది. ఎనిమిదేళ్ళలో ఆవిడ ఏడవడం అదే మొదలు. ఊనా తల్లి తల మీద చెయ్యి వేసి, తనూ ఏడ్చింది. తర్వాత సంచిలోంచి కిస్మిస్ పొట్లం తీసి ఇచ్చింది. కేకు చేశారు. ఇద్దరే తిన్నారు, కొంచెం మాడింది కూడా.

పండగంతా ఆ నల్ల బూట్లు పొయ్యి పక్కనే ఆరుతూ ఉన్నాయి. ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగి గంతులేసేవాళ్ళు వచ్చి, నవ్వించి, పళ్ళరసం తాగి పోయారు. ఊనా తిరిగి వెళ్ళాల్సిన ముందురోజు మాత్రం ఇంట్లో శాంతి లేదు. ఈసారి తిరుగుతున్నది మెల్వినా. బీరువా తెరుస్తుంది, మూస్తుంది. శుభ్రంగా ఉన్న మెట్లని ఊడుస్తుంది. గేటు దాకా వెళ్ళి సముద్రం వైపు చూసి వస్తుంది, మళ్ళీ బీరువా తెరుస్తుంది. ఈసారి తనింటికి రమ్మని ఊనా అడగలేదు. అడిగి అడిగి నోరు నొప్పెట్టింది, ఇంక చాలనుకుంది.

ఫోను మోగింది. గాండర్లో ఊనా అద్దెకున్న ఇంటి యజమానురాలు, ఎఫీ పిన్ని. ఆవిడా ఒకప్పుడు ఏదో రేవు నుంచి వచ్చిన మనిషే.

"ఏమే ఊనా, మంచు తోసేవాడు పండగ మత్తులోంచి ఇంకా లేచినట్టు లేడు, వీధంతా అలాగే ఉంది. నీ మెట్ల మీద అడుగులున్నాయే! గున్న ఏనుగు నడిచినట్టు ఒక జత. అవెవడివే?"

"అవి నావే పిన్నీ."

"నీవా! సరే, వాటి పక్కన ఇంకో జతున్నాయి, ఆడమనిషివి. చిన్న పాదం. కుడిది లోపలికి తిరిగుంది. ఎవర్నే వెంటబెట్టుకొస్తున్నావు? చెబితే దుప్పటి తీసి ఆరేస్తాను కదా."

ఊనా బీరువా వైపు చూసింది. మెల్వినా దాని ముందు ఒంటరిగా నిలబడి, ఒక ఊలు కోటు మడత విప్పి, మళ్ళీ మడత పెడుతోంది. ఆవిడ కుడి పాదం ఎప్పటిలాగే లోపలికి తిరిగి ఉంది. వస్తానని ఆవిడింకా అనలేదు.

"ఎవరే ఫోన్లో?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఎఫీ పిన్ని, అమ్మా. అక్కడ మంచు బాగా పడుతోందట."

ఊనా ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు తగ్గించింది. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. నీ ఇంట్లో గిన్నెలెన్నుంటే అన్నీ పట్టుకెళ్ళి ఆ చిన్న అడుగుల మీద బోర్లించు. మేమొచ్చేదాకా పూడిపోకూడదు."