పచ్చపూసల దండ

నాలుగింటికి ఉదయలక్ష్మి బస్సు. ఎల్బీ నగర్‌లో ఎక్కిందంటే ఇక తిరిగి రాదు. హాస్టల్లో మా గది ఖాళీ చేసేసింది. మూడు రోజులుగా నాతో ఒక్క మాట లేదు. తప్పు నాదే. నేను ఊరినుంచి వచ్చిన రోజు వాన, తడి గొడుగు తెచ్చి ఆమె మంచం మీద పడేశాను. అక్కడ చుట్టి పెట్టిన బొమ్మ ఉందని చూడలేదు.

అది వాళ్ల అమ్మమ్మ వెంకాయమ్మగారి బొమ్మ. వేసవి సెలవుల్లో ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీటిరంగులతో వేసింది. ఆవిడ పోయి నెల కూడా కాలేదు. నేనా బొమ్మను అంతకుముందు చూడనే లేదు. విప్పేసరికి ముఖం లేదు. రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి పెద్ద ఆకుపచ్చ మరక, కింద కాస్త ఎరుపు, పైన కాస్త నీలం.

బొమ్మ మళ్లీ వెయ్యడం నా వల్ల కాదు. నాకు వచ్చిందల్లా పూసలు గుచ్చడం. ఆ రంగులనైనా దండ చేసి ఇస్తే, బస్సెక్కే ముందు ఒక్కసారి నావైపు చూస్తుందేమోనని ఆశ. పొద్దున్నే వాళ్లమ్మ కోటేశ్వరమ్మగారికి ఫోన్ చేసి, బొమ్మలో అమ్మమ్మగారిది ఏ రంగు చీర అని అడిగాను.

“పచ్చ చీర అమ్మాయ్, ఎర్రంచు. వెనకాల మా నీలం తలుపు. ఆ చీరతోనే సాగనంపాం.”

మరకలోనూ పచ్చే కదా. పైగా మాది పోచంపల్లి, మా నాన్న నూలుకు రంగులద్దుతాడు. రంగులు నాకు తెలియనివా అని ఇంకెవరినీ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పూసల కొట్టు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. తీయగానే పూసలు కొని అక్కడే గుచ్చడం మొదలుపెట్టాను. మూడు వరసలు చిలకాకుపచ్చ, కింద ఎర్రపూసల అంచు, మెడ వెనక నీలం. రెండుసార్లు దారం జారింది, రెండుసార్లూ మొదటినుంచి గుచ్చాను. మూడున్నర అయింది. కొక్కెం మెట్రోలో నిలబడి బిగించాను.

ఉదయ బస్సు పక్కనే ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

“జర ఆగవే. ఏం మాట్లాడకు, గిదొక్కటి చూడు.”

దండ పొట్లం చేతిలో పెడితే విప్పింది. వేళ్లు ఎర్రంచు మీద పాకి, పైకెళ్లి ఆగిపోయాయి.

“ఏంటే ఇది?”

“అమ్మమ్మ చీర. మీ అమ్మనడిగిన, పచ్చ చీర అన్నది.”

“మా ఇంట్లో పచ్చంటే పసుపు. అరటిపండు రంగు చీర అది. ఇది ఆకుపచ్చ.”

అప్పుడర్థమైంది. నీలం తలుపు పసుపు చీరలోకి కారితే ఆ ఆకుపచ్చ పుట్టింది. అమ్మమ్మ చీర రంగు కాదు, నా గొడుగు చేసిన రంగు. దాన్నే దండగా గుచ్చి తెచ్చాను.

దండ నా చేతిలో పెట్టేసింది. కండక్టర్ సూర్యాపేట, విజయవాడ అని అరుస్తున్నాడు. చుట్టూ చూశాను, పూసలమ్మే కొట్టు ఒక్కటీ లేదు. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు, పచ్చ వరసలు మూడూ పళ్లతో కొరికేశాను. పూసలు రోడ్డు మీద పడి దొర్లాయి. జనం తొక్కుకుంటూ పోతున్నారు. నా చేతిలో ఎర్రంచు, కాస్త నీలం మిగిలాయి.

మెట్టెక్కిన ఉదయ మళ్లీ దిగింది. చెయ్యి చాపింది.

“ఆ ఎరుపు ఇటివ్వు. అదొక్కటే సరిగ్గా ఉంది.”

ఇచ్చాను. ఉన్నవి కూడా జారిపోకుండా దారం కొసకి ముడి వేసుకుంది.

“పసుపు నేను గుచ్చుకుంటాను. నువ్వు ముట్టుకోకు.”

“ఫోన్ జేస్తే ఎత్తుతవా?”

ఉదయ బస్సెక్కేసింది. బస్సు హయత్‌నగర్ వైపు కదిలేసరికే ఆమె నంబరు నొక్కాను. మోగుతోంది. ఇంకా మోగుతూనే ఉంది.