నాలుగు వేళ్ళ ఎత్తు

రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్‌ని రామకోటి సీసా మూతతోనే కొలుస్తాడు. కిలో రెజిన్‌కి ఒక మూత, చలికాలంలో మూతన్నర. ముప్ఫై ఏళ్ళుగా అదే కొలత. ఆ తెల్లవారుజామున కూడా ఆకివీడు షెడ్డులో అలాగే కలిపి, ఒక పడవ అడుగున పగులు మీద పూసి, పైన ఫైబర్ మ్యాటు పరిచి, గాలిబుడగలు పోయేలా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. చేపల చెరువులో మేత బస్తాలు మోసే పడవ అది. సాయంత్రం నాలుగింటికి ఉండి ఊరి నుంచి రైతు వచ్చి తీసుకెళతాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం ఎప్పుడో తొలి బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది.

"ఆ బండి తోలేది మీరా ఏంటి, ఇంత కంగారు?" అంది భార్య మరిడమ్మ టీ గ్లాసు అందిస్తూ.

"తోలేది జాషువా గారమ్మాయే. నేను ఊరికే చూడ్డానికి."

"చూడ్డానికెళ్ళే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ పాపం."

అతను చొక్కా మీద చుక్క పడకుండా రెజిన్ డబ్బా, హార్డెనర్ సీసా, కాస్త మ్యాటు, రంపం బ్లేడు సంచిలో సర్దుకున్నాడు. పెళ్ళికెళ్ళినా ఆ సంచి అతని భుజం దిగదు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, వెడల్పు ఛాతీ, నెరిసిన కనుబొమల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. వేలి కొనలు గాజులా నున్నగా ఉంటాయి. రెజిన్‌కీ గరుకు కాగితానికీ అరిగి అరిగి గీతలన్నవి మిగల్లేదు. రేషన్ డిపోలో మెషీను అతని వేలిని ఎన్నిసార్లు పెట్టినా ఒప్పుకోదు. మరిడమ్మ వేలు పెట్టాకే బియ్యం. అతను చేసిన పడవలు కొల్లేరు చుట్టూ ఆరు వందలకు పైనే ఉంటాయి. వాటి మీద మేత కంపెనీల పేర్లుంటాయి గానీ అతని పేరు ఒక్కదాని మీదా లేదు. అయినా మండవల్లి రైతు ఎవరైనా గట్టు మీంచే చూసి, ఇది రామకోటి పడవ అనేస్తాడు. దాని ముక్కు మిగతా పడవల కంటే నాలుగు వేళ్ళు పైకి లేచి ఉంటుంది. వాళ్ళ నాన్న తాటి దోనెకి అలాగే చెక్కేవాడు.

తాడేపల్లిగూడెంలో జాషువాకి లేత్ షాపు ఉంది. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకి ఇరుసులు చేస్తాడు. కూతురు లిడియా, ఇరవై ఎనిమిదేళ్ళది, డిప్లొమా చదివి తండ్రి పక్కనే పనిచేస్తోంది. మూడేళ్ళ నుంచి ఒక మోటార్‌సైకిల్ కడుతోంది. పాత బండి నుంచి తీసిన రెండు వందల యాభై సీసీ ఇంజను. పొడుగ్గా, మోకాలెత్తుకు మించకుండా ఉండే ఫ్రేము. దాని మీద బోర్లా పడుకుని తోలాలి. గాలి చీల్చుకుపోవడానికి పైన ఒక తొడుగు కావాల్సివచ్చి, ఫైబర్ పని తెలిసినవాడని రామకోటిని వెతుక్కుంటూ వచ్చింది. జీవితమంతా అతను చేసినవి గెడ పోటుకి, మనిషి నడకంత వేగంతో కదిలేవి. వేగంగా పోయేది చెయ్యమని అతన్ని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. రెండు నెలలపాటు అతనికి అన్నం తింటున్నా ఆ తొడుగే కళ్ళముందు ఆడింది.

తాడేపల్లిగూడెం రన్‌వే చేరేసరికి ఏడున్నర. యుద్ధకాలంలో విమానాల కోసం పోసిన కాంక్రీటు. ఇప్పుడు పొద్దున్నే నడిచేవాళ్ళకీ కారు నేర్చుకునేవాళ్ళకీ పనికొస్తోంది. వేగం కొలిచే పరికరాలతో విశాఖపట్నం నుంచి గంగాధరరావు గారు వచ్చారు. పది వరకే అనుమతి. ఆ లోపల బండి గంటకి నూట ఎనభై కిలోమీటర్లు దాటితే, పడమట ఉప్పు ఎడారిలో జరిగే పోటీకి లిడియాని పిలుస్తారు. దాటకపోతే లేదు. అంతే.

ఎర్రటి తొడుగు ఎండలో తళతళలాడుతోంది. కొనదేలి, ఠీవిగా పైకి లేచిన ముక్కు. నడకకొచ్చిన వాళ్ళంతా చుట్టూ చేరి ముక్కునే తడుముతున్నారు. రామకోటి దూరంగా నిలబడి, చూడనట్టే చూసుకున్నాడు.

మొదటి పరుగు. ఇంజను అరుపు కాంక్రీటు పొడవునా సాగి, సన్నబడి, ఉన్నట్టుండి తెగిపోయింది. నూట యాభై నాలుగు.

లిడియా వెనక్కి వచ్చి హెల్మెట్ తీసింది.

"ఇంజనులో ఇంకా ఉంది నాన్నా. నేనే వదిలేశాను. నూట యాభై దాటగానే హ్యాండిల్ తేలిపోతోంది. నేను తిప్పుతున్నట్టు బండికి తెలియట్లేదు."

జాషువా టైరులో గాలి చూశాడు, ఫోర్కు కదిపి చూశాడు. గంగాధరరావు గారు తూర్పు గాలి అన్నారు. "ముందువైపు బరువు తక్కువైందేమో, వలకి కట్టే సీసం గుళ్ళు ఓ అయిదు కిలోలు కట్టేద్దాం" అన్నాడు జాషువా. అందరూ తలూపారు.

రామకోటికి మాత్రం హ్యాండిల్ తేలిపోతోందన్న మాట విన్న క్షణంలోనే తెలిసిపోయింది. ఏడేళ్ళ కిందట ఒక రైతు సరదాపడి మేత పడవకి ఇంజను బిగించాడు. పడవ ఊపందుకోగానే ముక్కు జానెడు లేచి, వెనక కూర్చున్నవాడు నడుం దాకా మునిగిపోయాడు. గట్టు మీద అందరూ నవ్వారు, రామకోటి కూడా నవ్వాడు. పైకి లేవడానికే కదా ఆ ముక్కు. నీళ్ళైతేనేం, గాలైతేనేం.

చెప్పకపోయినా పోయేదేం లేదు. సీసం కడతారు, సగానికి సగం సరిపోతుంది. తప్పు తూర్పు గాలి మీదికి నెట్టేస్తారు. ముక్కు అలాగే ఉంటుంది. అదృష్టం బాగుంటే ఆ ఎడారి దాకా వెళుతుంది, ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని చూస్తారు. ఆ ఆశ తనలో ఎంత లోతుగా పాతుకుందో అప్పుడే చూశాడతను. సొంత ముఖం మీద ఈగని అద్దంలో చూసినట్టు చూశాడు. అటు లిడియా వణుకుతున్న చేతుల్ని తొడల కింద దాచుకుని కూర్చుంది, పక్కనే ఉన్న తల్లికి కనపడకుండా.

"గాలి కాదండీ" అన్నాడు. "ముక్కు. నేనే లేపాను."

అందరూ అతని వైపు తిరిగారు.

"ఎంత బాబాయ్ గారూ?" అంది లిడియా.

"నాలుగు వేళ్ళు."

"నేను అడగలేదు కదండీ."

"అడగలేదమ్మా. చెయ్యి అలవాటు."

లిడియా అతన్నీ ముక్కునీ మార్చి మార్చి చూసింది. కోపం వచ్చింది, పోయింది. "ఇప్పుడు కోస్తే పది లోపల మళ్ళీ మూయగలరా?"

"మూడు మూతలేస్తే అరగంటలో గట్టిపడుద్ది. కాకపోతే పెళుసు. ఎన్నో పరుగులు ఆగదు."

"ఒక్కటి చాలు."

రంపం బ్లేడు సంచిలోంచి తీశాడు. మొదటి కోత గుండెల్లో పడుతుందనుకున్నాడు. పడలేదు. సగానికి వచ్చేసరికి చెయ్యి తనంత తనే జోరందుకుంది, ఏళ్ళ నాటి దురద గోక్కుంటున్నంత హాయిగా. తెల్లటి పొడి ఇస్త్రీ చొక్కా నిండా పడింది. ముక్కు తెగి కింద పడగానే ఫకాలున నవ్వొచ్చింది.

ఇప్పుడు ఆ ఖాళీకి గుండ్రటి అచ్చు కావాలి. చుట్టూ చూశాడు. లిడియా తల్లి స్టెల్లా తెచ్చిన అల్యూమినియం గిన్నె మీద ఆగింది కన్ను.

"అమ్మా, ఆ గిన్నె ఓసారి ఇస్తారా?"

"ఉప్మా ఉందండీ అందులో."

"తినెయ్యండి. అయిదు నిమిషాల్లో కావాలి."

"ప్రార్థనైనా చేసుకోనివ్వరా?" అంది స్టెల్లా, అప్పటికే కాగితాల మీద వడ్డించేస్తూ. గంగాధరరావు గారు సహా అందరూ నిలబడి, నోరు కాలుతున్నా గబగబా మింగేశారు. జాషువాకి పొలమారింది. గిన్నె బోర్లించి, అడుగున నూనె రాసి, రామకోటి మ్యాటు మీద మ్యాటు పరిచాడు. మూడు మూతల హార్డెనర్. రెజిన్ వేడెక్కి ఘాటుగా పొగ వచ్చింది. గీతలు లేని బొటనవేలు బుడగల్ని ఒక్కొక్కటే వెతికి తరిమేసింది. తొమ్మిదింటికి వేలితో కొడితే ముదురు కొబ్బరికాయలా పలికింది. గిన్నె లాగేసి, మొండి ముక్కుని తొడుగుకి అంటించి, అతుకు చుట్టూ పట్టీలు వేసి, ఆరే వరకూ ఇద్దరు అట్టలతో విసిరారు. అందం చందం లేని గుండు ముక్కు.

తొమ్మిదీ నలభై ఎనిమిది.

ఆ బండి గేర్లు వేగానికి కట్టినవి; నిలుచున్న చోటు నుంచి తనంతట కదల్లేదు, వెనక నుంచి ఒకరు తోయాలి. ఇందాక జాషువా తోశాడు. ఇప్పుడు అతను వ్యానులో అవతలి కొసకి పోయాడు, ఆగేచోట బండిని పట్టుకోవడానికి. అందరూ అటే పోయారు. ఇటు మిగిలింది ఇద్దరే.

"తోస్తారా బాబాయ్ గారూ?"

"జీవితమంతా చేసింది అదేగా అమ్మా" అన్నాడు. పడవని గట్టు దింపేటప్పుడు చేసినట్టే చెప్పులు విప్పాడు, తల వంచాడు, భుజం ఆన్చాడు. పది అడుగులు, ఇరవై. కాంక్రీటు అరికాళ్ళని కాలుస్తోంది. ఊపిరి అందడం లేదు, అయినా పరుగు ఆగడం లేదు. ముప్ఫయ్యో అడుగు దగ్గర ఇంజను ఉలిక్కిపడి అందుకుంది. భుజం కింద బరువు మాయమైంది. ఖాళీ చేతులు చాచుకుని ఇంకో పది అడుగులు పరుగెత్తాడు.

అరుపు లేచింది. ఇందాక తెగిన చోటు దాటింది. ఇంకా లేచింది. ఎర్రటి చుక్క తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయి ఎండలో కరిగింది. తరవాత నిశ్శబ్దం. అవతలి కొసన చీమలంత మనుషులు ఎగురుతున్నారు. ఎందుకెగురుతున్నారో అతనికి తెలియదు. మోకాళ్ళ మీద చేతులానించి, రొప్పుతూ నిలబడ్డాడు.

ఫోను మోగింది. లిడియా.

"నూట ఎనభై నాలుగు."

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"వింటున్నారా? ముందు చక్రం నేలని వదల్లేదు బాబాయ్ గారూ. అసలు వదల్లేదు."

"వింటున్నానమ్మా." కళ్ళు తుడుచుకున్నాడు. "నాలుగింటికి పడవొకటి ఇవ్వాలి. నే బయల్దేరతాను."

"అయ్యో, ఉండండి, ఫొటో తీసుకుందాం, వచ్చేస్తున్నాం."

"తీసుకోండి, తీసుకోండి. పడవ వాళ్ళకి మాటిచ్చాను కదా."

అది నిజమే. అయితే ఇంకొక్క నిమిషం ఉంటే ఏడ్చేస్తాడనేది కూడా నిజమే. సంచి భుజాన వేసుకుని, గడ్డిలోంచి అడ్డంపడి రోడ్డెక్కాడు. బస్సు మెట్టు మీద ఇనుము చురుక్కుమన్నప్పుడు తెలిసింది కాళ్ళకి చెప్పులు లేవని. వెనక్కి వెళ్ళలేదు.

"ఇది ఎంత స్పీడు పోద్దండీ?" అని కండక్టరుని అడిగాడు.

"అరవై. అర్జెంటు పనుందా?"

"అబ్బే, లేదండీ" అని కిటికీ వైపు తిరిగి భీమవరం దాకా నవ్వుకుంటూనే ఉన్నాడు.

వ్యాను ఇటు కొసకి తిరిగి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. కాంక్రీటు అంచున ఒక జత రబ్బరు చెప్పులు, మడమలు అరిగి, వార్ల మీద ఎండిన రెజిన్ చుక్కలు చేప పొలుసుల్లా మెరుస్తూ, బండి పోయిన వైపుకే తిరిగి ఉన్నాయి.