ఎర్ర సున్నాలు

"మళ్ళీ ఏం నొక్కావ్?"

ముందుగదిలోంచి గోపాలకృష్ణ అరిచేసరికి కుసుమకుమారి వంటింట్లో చింతపండు పిసుకుతోంది. కంప్యూటర్ ముందు కూర్చున్నది అతను. మౌస్ ఉన్నది అతని చేతిలో. తెర నీలంగా మారిపోయి, దాని మీద నాలుగు వరసల తెల్ల అక్షరాలు పడి, మిషన్ బిగుసుకుపోయింది అతని కళ్ళ ముందే. అయినా నొక్కింది మాత్రం ఆమె.

"పొద్దున నువ్వేదో చేసుంటావ్. అది ఇప్పుడు బయటపడింది," అన్నాడు, ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాక.

పొద్దున ఆమె చేసిందల్లా అతని ఫిజిక్స్ ప్రశ్నల పుస్తకం పదకొండు పేజీలు టైపు కొట్టడం. అతను కాలేజీలో పాఠం చెబుతాడు, తీరికప్పుడు కాగితాల మీద గిలుకుతాడు, ఆమె కొడుతుంది. పుస్తకం అట్ట మీద పేరు అతనిది. మిషన్ ఆగిన ప్రతిసారీ కొట్టింది కొట్టినట్టు పోయేది. దాచిన ఫైలు కూడా ఒక్కోసారి చెడిపోయేది. మొదటి అధ్యాయం ఆమె ఇప్పటికి నాలుగుసార్లు కొట్టింది. "ఎలాగూ ఇంట్లో ఖాళీగానేగా ఉండేది," అంటాడు గోపాలకృష్ణ. అయిదింటికి లేచి నీళ్ళు పట్టి, పాలు కాచి, అతనికి టిఫినూ క్యారేజీ సర్ది, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసి, బట్టలుతికి ఆరేశాక మిగిలే గంటలకి ఆ ఇంట్లో పేరు ఖాళీ.

అది తొంభై ఎనిమిది, జులై మొదలు. ఆ మిషన్ బాపట్లలో వాళ్ళింటికొచ్చి అయిదు వారాలైంది. విడిభాగాలు తెనాలిలో యేసుదాసు దుకాణంలో కొన్నారు. బిగించింది కుసుమకుమారి. పెళ్ళికి ముందు తెనాలిలోనే ఒక శిక్షణ కేంద్రంలో రెండేళ్ళు పాఠాలు చెప్పింది. మిషన్లు విప్పడమూ బిగించడమూ అక్కడే నేర్చుకుంది. "అమ్మాయికి కంప్యూటర్ వచ్చంట" అని పెళ్ళిచూపుల్లో మురిసిపోయినవాళ్ళే, పెళ్ళయ్యాక "ఇంకా ఉద్యోగం ఎందుకులే" అన్నారు. ఆమె స్క్రూలు బిగిస్తుంటే గోపాలకృష్ణ టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. చూడ్డానికొచ్చిన స్నేహితులతో "నేనే బిగించా" అన్నాడు. అది ఆగిపోవడం మొదలయ్యాకే, బిగించింది ఎవరో అతనికి గుర్తొచ్చింది.

కొడుకు కేకలు విన్న సుబ్బాయమ్మ ఒకరోజు నెమ్మదిగా అంది. "అమ్మాయ్, ఏమనుకోకు. బయటున్న మూడు రోజులూ దాన్ని ముట్టుకోకు. అది కూడా సరస్వతే కదా."

ఆ మూడు రోజులూ కుసుమకుమారి ఆ ఇంట్లో అన్నం వండుతుంది, కూర వండుతుంది, అందరికీ వడ్డిస్తుంది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడలేదు గనక, వంటకి ఏ మైలా అడ్డురాలేదు. కంప్యూటర్‌కి వచ్చింది.

గోపాలకృష్ణ నవ్వేస్తాడనుకుంది. అతను నవ్వలేదు.

ఆ శనివారం యేసుదాసు తెనాలి నుంచి వచ్చి మిషన్ ముందు రెండు గంటలు కూర్చున్నాడు. అది ఒక్కసారి కూడా ఆగలేదు. కుసుమకుమారి కాఫీ తెచ్చేసరికి గోపాలకృష్ణ మేకు నుంచి క్యాలెండర్ తీసి అతని ముందు పెట్టాడు.

"చూడండి యేసుదాసుగారూ. ఆగిపోయిన రోజులకి నీలం గీత పెట్టా. ఈ ఎర్ర సున్నాలు మా ఆవిడ... దూరంగా ఉండే రోజులు. నెలలో ఏడుసార్లు ఆగితే, మూడు ఈ మూడు రోజుల్లోనే. ఒంట్లో వేడివల్ల ఏమన్నా తేడా వస్తుందంటారా?"

యేసుదాసు నేల చూపులు చూశాడు. "అలాంటివేం ఉండవు సార్."

"ఏమో, కొట్టిపారెయ్యలేం కదండీ," అన్నాడు గోపాలకృష్ణ.

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చెయ్యి తనదేనని కూడా ఆమెకి తెలియలేదు. వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుంది. చెవులు మండుతున్నాయి. తన ఒంట్లో నెత్తురు ఎప్పుడు వస్తుందో ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి, పరాయి మగవాడి ముందు పరిచాడు. అడిగిందేమన్నా చదువురాని మనిషా? పిల్లలకి కరెంటు పాఠం చెప్పేవాడు! ఆ మూడు రోజులూ పూజగది పని ఉండదు, అందుకని తను రెండేసి గంటలు ఎక్కువ కొడుతుంది. ఎక్కువ వాడితే ఎక్కువ ఆగుతుంది. ఈపాటి లెక్క తట్టలేదు అతనికి. తట్టక కాదు, తట్టనివ్వలేదు. మిషన్ చెడిపోతే మిషన్‌ని విప్పి చూడాలి. తనని విప్పి చూపించాడు.

ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. అది చల్లారేది కాదని ఆమెకి అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆమెకి బయట చేరింది. సోమవారం గోపాలకృష్ణ కాలేజీకి వెళ్ళగానే ముందుగది తలుపు వేసుకుని మిషన్ మూత తీసింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు అని ఒకప్పుడు పిల్లలకి తనే చెప్పేది. కరెంటు హెచ్చుతగ్గులేమోనని స్టెబిలైజర్ ముల్లు మీద కన్నేసి ఉంచింది. ముల్లు కదలకుండా ఉండగానే ఆగింది. వేడేమోనని తెరిచిన పెట్టె ముందు బల్ల ఫ్యాను పెట్టింది. అయినా ఆగింది. తర్వాత, జ్ఞాపకం ఉంచుకునే ర్యామ్ పట్టీలు రెండుంటే, ఒకటి పీకేసి రెండోదానితోనే నడిపింది. ఆ సాయంత్రం వరకూ, మంగళవారం అంతా ఆగలేదు. ఎర్ర సున్నాల్లోనే, ఆ చేతులతోనే, ముప్ఫై పేజీలు కొట్టింది. బుధవారం పీకేసిన పట్టీ పెట్టి, నడిచిన పట్టీ తీసేసింది. నలభై నిమిషాలకి తెర నీలమైంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ నీలమైంది. మంచి పట్టీని చెడ్డదాని గాడిలో పెట్టి చూసింది. హాయిగా నడిచింది. గాడి తప్పు కాదు, కరెంటు తప్పు కాదు, తన తప్పు అసలే కాదు.

శుక్రవారం ఆ పట్టీని కాగితంలో చుట్టుకుని, "తెనాలి వెళ్ళొస్తానత్తయ్యా" అని మాత్రం చెప్పి రైలెక్కింది. చుండూరు దాటేదాకా ఆ కాగితం పొట్లాన్ని గుప్పిట్లోంచి వదల్లేదు. ఆ తర్వాత సంచిలో పెట్టుకుంది.

"సారు రాలేదామ్మా?" అన్నాడు యేసుదాసు.

"విప్పి చూసింది నేనేనండి."

ఏం చేసిందో వరసగా చెప్పింది. అతను పట్టీని తన దుకాణంలో మిషన్‌కి పెట్టి చూశాడు. అరగంటకి అదీ ఆగింది. కొత్తది తీసిచ్చాడు.

"మా కుర్రాళ్ళు ఒకేసారి మూడు మార్చేస్తారమ్మా. బాగైతే, దేనివల్ల బాగైందో చెప్పలేరు." చెడ్డ పట్టీని పక్కన పడేస్తూ అన్నాడు, "ఆ రోజు మీ ఇంట్లో ఆ మాట వినడానికి నాకే సిగ్గేసింది."

"విన్న మీకెందుకండీ సిగ్గు?"

"సర్వీసు చూడ్డానికి మనిషి కోసం వెతుకుతున్నానమ్మా. ఆగస్టు మూడు, సోమవారం నుంచి రాగలరా?"

'ఇంట్లో అడిగి చెబుతాను' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వస్తాను," అంది.

ఇంటికొచ్చి కొత్త పట్టీ బిగించింది. పట్టీ సంగతంతా భర్తకి చెప్పింది. అతను "ఊఁ" అన్నాడు. అన్నం తిన్నాక, తోటి లెక్చరర్ పున్నయ్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "చివరికి పట్టుకున్నానయ్యా. ర్యామ్ తప్పు. ఒక్కోటీ మార్చుకుంటూ పోయా. ఓపిక ఉండాలి దానికి." ఫోన్ పెట్టేసి కాగితాల కట్ట ఆమె చేతికిచ్చాడు. "ఇంక అడ్డేం లేదుగా. ఈ నెలాఖరుకల్లా కొట్టెయ్."

ఆమె ఆ కట్టని తిరిగి అతని ఒళ్ళో పెట్టింది.

"మీరు కొట్టుకోండి. మూడో తారీఖు నుంచి నేను తెనాలిలో పనికి వెళుతున్నాను. మాటిచ్చేశాను."

"ఎవర్నడిగి? నా పుస్తకం ఎవరు కొడతారు?" అన్నాడు గోపాలకృష్ణ.

"వంటెవరు చేస్తారే?" అంది సుబ్బాయమ్మ.

ఏం పని అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అందుకని ఆమె కూడా చెప్పలేదు.

ఆ మూడు వారాలూ ఇంట్లో మాటల్లేవు, గిన్నెల చప్పుళ్ళే. సోమవారం పొద్దున్నే కుసుమకుమారి రైలెక్కి తెనాలి వెళ్ళింది. మధ్యాహ్నంలోపు రెండు మిషన్లు విప్పి, తప్పు పట్టుకుని, బాగుచేసి మూతలు బిగించింది. అది ఆమెకి బయట చేరిన రెండో రోజు.